జొన్నల మీద బూడిద సిలువ

“చూసినవా, చూడలేదా? గంతే చెప్పు. దానికి ఇంత కథెందుకే అమ్మా?”

“చూసిన. కండ్లు మంచిగనే ఉన్నయి నాకు.”

“మరి చూసిందే రాసినం గదా! గురువారం పగటిపూట ట్రాలీ ఆటోల గుడి బెంచీలు నాలుగు ఎక్కించిండ్రు, పాస్టరు దగ్గరుండి ఎక్కించిండు. నువ్వు సునీతకు చెప్పిన మాటే అది. ఒక్క ముక్క ఎక్కువ రాయలే.”

“ఎందుకు రాయలే? ‘దొంగతనంగా తరలించినాడు’ అని రాసినవు. దొంగతనంగా అని నేనన్ననా? గేటు బార్లా తెరిచి, పట్టపగలు ఎక్కిస్తే దొంగతనమెట్లయితది?”

“మరి ఎవలకు చెప్పి తీస్కపోయిండు? కమిటీకి చెప్పిండా? సెక్రటరీని నేనున్న. నాకు చెప్పిండా?”

“నువ్వు అడిగినవా?”

“నేనెందుకడుగాలె? ఆయన చెప్పాలె.”

“అడుగనోనివి సంతకాలెందుకు జమ చేస్తానవు?”

మా సామేలు నా రెండో కొడుకు, మా సంఘం కమిటీకి సెక్రటరీ. వరంగల్‌లో మా గల్లీ చివరే మా గుడి. మా వరండాలో కూర్చుంటే గుడి గేటూ, దాని పక్కన పాస్టరు ఇల్లూ రెండూ కనబడతాయి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా పళ్లెం పక్కన వాడు ఆ కాగితం పెట్టి, కలం మూత కూడా తీసి పెట్టాడు. కిరణ్ పాస్టరును ఇక్కడి నుంచి తీసెయ్యమని పైన ఆఫీసుకు రాసిన కాగితం అది. సొంత మినిస్ట్రీ, అంటే వేరే సంఘం, పెట్టుకోవడానికి గుడి సామాను ఒక్కొక్కటే తరలిస్తున్నాడని వాళ్ల అనుమానం. కళ్లారా చూసినదాన్ని, సంఘంలో అందరికంటే పెద్దదాన్ని కాబట్టి మొదటి సంతకం నాది కావాలి. నా సంతకం పడితే మిగతావి వాటంతటవే పడతాయి. ఆ కాగితం పోయిందంటే పాస్టరు, ఆయన భార్య, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు మాట పడి ఊరు విడవాలి.

కోడలు సునీత వంటింట్లోంచే ఒకటి వేసింది. “అత్తమ్మా, గా వరండాల కుర్చీ తీసేస్తే సంఘంల సగం కొట్లాటలు తగ్గుతయి.”

“కుర్చీ తీస్తే మెట్ల మీద కూసుంట,” అన్నాను.

“సరే, ఒక్కటి చెప్పు,” అన్నాడు సామేలు. “నీకు ఆయన మీద నమ్మకముందా?”

“లేదు.”

“మరింకేంది?”

“నమ్మకం లేనోళ్ల మీద సాక్ష్యం చెప్పుడు సులువు, కొడకా. ఒకసారి చెప్పిన.”

“ఎప్పుడు?”

“నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు.”

వాడు నవ్వాడు. ఈ సంగతి నేను వాడికి ఎన్నడూ చెప్పలేదు. వాళ్ల నాయనకు కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం కాగితం అలాగే పళ్లెం పక్కన ఉంచి, వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. చెప్పింది మళ్లీ నోట్లోనే అరిగిపోకుండా ఇప్పుడు రాస్తున్నాను. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు రాస్తున్నాను. ఒక పక్క తెల్లగా ఉన్న కాగితాన్ని పారెయ్యడం నాకు చేతకాదు.

నెక్కొండ స్టేషన్‌లో బండి కూత వేస్తే నేను పుట్టిన ఊరి వాడలోకి వినబడేది. మా ఇంట్లో తెల్లవారి మొదట వినబడేది మాత్రం విసుర్రాయి చప్పుడు. ప్రార్థన దాని తరువాతే. బాపమ్మ, అంటే మా నాయన తల్లి, విసుర్రాయి ముందు ఒక కాలు చాపుకుని కూర్చుని, జొన్నలు రాతి నోట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన చిన్న మట్టి గురిగిలో వేసేది. అది దేవుని పిడికెడు. పండుగనాడు బియ్యమైతే బియ్యం, మిగతా రోజుల్లో జొన్నలు, ఏది వండితే అందులోంచే. ఇంట్లో జొన్నగట్కకు తక్కువైనా ఆ పిడికెడు ఆగేది కాదు. నేను తీస్తానంటే ఒప్పుకునేది కాదు. “నీ పిడికిలి ఇంతే ఉన్నది, దేవుణ్ణి మోసం చేద్దామనా?” అనేది. అలా అన్న మనిషే తన పిడికిలి వంక ఒకసారి చూసుకుని, నాలుగు గింజలు వేళ్ల సందుల్లోంచి వెనక్కి జారనిచ్చేది. నేను చూశానని తెలిస్తే, “గవి ఎలుకకు,” అనేది. ఆదివారం పొద్దున వాడలో ఆడవాళ్లందరూ గురుగులు నెత్తిన పెట్టుకుని గుడికి పోయేవాళ్లు. వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క మీద ఇనుప సీలతో కొడితే అదే మా గంట.

ఆ గుడి మట్టిగోడలది, పైన గూనపెంకు. వారంలో ఆరు రోజులు అదే మా బడి. ఎండకు పెంకులు కాగి, గబ్బిలాల కంపు, పేడతో అలికిన నేల వాసన, పిల్లల నూనెతలల వాసన కలిసి ఉండేవి. సంఘమంటే ఏమిటో నాకు ఆ నేల మీద కూర్చునే తెలిసింది, ఎందుకంటే ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో అక్కడ గీత గీసినట్టు ఉండేది. అందరికంటే పైన బిషప్ గారు. ఆయనను నా చిన్నతనంలో ఒక్కసారే చూశాను, ఉంగరం మాత్రం గుర్తుంది. ఆయన కింద అయ్యగారు. పది ఊళ్లకు ఒక్క పాస్టరు, నెలకొకసారి సైకిల్ మీద వచ్చేవాడు. సైకిల్ వెనక కట్టిన చెక్కపెట్టెలో సంస్కారానికి, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం పంచడానికి, గిన్నె, పళ్లెం, తెల్లబట్ట ఉండేవి. పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమనేది. ఆయన కింద ఊళ్లోనే ఉండే ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పేదీ ఆయనే, సోమవారం నుంచి మాకు ఎక్కాలు చెప్పేదీ ఆయనే, అందుకని పంతులు అనేవాళ్లం. ఆయన కింద ముగ్గురు సంఘ పెద్దలు. వాళ్ల కింద మగవాళ్లు కుడిపక్క, ఆడవాళ్లు ఎడమపక్క, పిల్లలం ముందు. ఇంక అందరికీ కింద, గడప దగ్గర, సంఘం ఆపినవాళ్లు. వాళ్లు పాట పాడవచ్చు, వాక్యం వినవచ్చు, కాని సంస్కారపు బల్ల దగ్గరికి రాకూడదు. గడప కూడా దాటిపోయి బయటే బతికేవాళ్లు ఇంకొందరు. వాళ్ల పేర్లు ఎవరూ పలికేవాళ్లు కాదు.

అలా పలకని పేరు మా ఇంట్లో ఒకటి ఉండేది. మా నాయన చెల్లెలు రూతమ్మత్త. పట్టాల మీద పనిచేసే గ్యాంగు మనిషితో వెళ్లిపోయింది. అతనికి అంతకుముందే పెళ్లాం ఉంది. సంఘం ఆమె పేరు కొట్టేసింది. ఆ రోజు నుంచి బాపమ్మ నోట ఆ పేరు రాలేదు, మమ్మల్ని అననివ్వలేదు. అత్త తినే కంచుగిన్నె మాత్రం అటక మీద బోర్లించి ఉండేది. ఎవరికీ ఇచ్చేది కాదు, ఎవరినీ వాడనిచ్చేది కాదు. చిరిగిన చీరను రెండుసార్లు వాడే మనిషి ఒక గిన్నెను అలా ఊరికే ఎందుకుంచిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం గురుగుల్లో వచ్చిన గింజలు గుడి మూలన ఉన్న పెద్ద మట్టిగోలెంలో పోసేవాళ్లు. అందులోంచి నెలకొకసారి పెద్దలు పంతులు ఇంటికి ఇంత కొలిచి ఇచ్చి, మిగిలింది సంఘంలో గతిలేనివాళ్లకు పంచాలి. పెద్దలు వచ్చేదాకా గోలెంలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. గోలెం మీద కాపలా బాపమ్మది. ఆమె దగ్గర ఒక ఉపాయం ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆమె దొర కల్లంలో పనిచేసింది. రాశి పోసిన తరువాత కూలివాళ్లు ఎక్కడ తీసుకుపోతారోనని దొర మనుషులు దాని మీద బూడిదతో ముద్ర వేసేవాళ్లట. గింజ కదిలితే ముద్ర చెదిరిపోతుంది. బాపమ్మ కొంగుమూట విప్పి, గోలెంలో గింజలు చదునుచేసి, చిటికెడు చిటికెడుగా బూడిద రాల్చి వాటి మీద సిలువ గీసేది. చూసేవాళ్లకు అది భక్తి. మా మీద దొరకున్న అనుమానాన్ని ఆమె గుళ్లోకి తెచ్చి దానికి సిలువ రూపం ఇచ్చిందని నాకు తోచడానికి చాలా ఏళ్లు పట్టింది. “దేవుణ్ణి నమ్ము బిడ్డా,” అనేది నాతో, “దేవుని పేరు చెప్పెటోళ్లను మాత్రం సంచి విప్పి చూసినంకనే నమ్ము.” ఈ మాట నాకు బాగా పట్టుకుంది. ఇప్పటికీ వదలలేదు.

పంతులు భార్య దీనమ్మ. పంతులమ్మ అనేవాళ్లం. సన్నగా, పొడుగ్గా ఉండేది, మాట తక్కువ. సంస్కారానికి కావలసిన రసం ఆమే చేసేది. ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి, పల్చటి బట్టలో వడకట్టేది. ఆ పిప్పి పారెయ్యకుండా మా బడిపిల్లలకు తలా ఇంత అరచేతిలో పెట్టేది. పంతులు మీటింగులకు పోయినప్పుడు ఆమే మాకు ఎక్కాలు అప్పజెప్పించుకునేది. కొట్టేది కాదు. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి చెప్పమనేది, అంతే. ఆ ఊళ్లో నాకు చదువు వస్తుందని మొదట అన్నది ఆమే. “ఎస్తేరును నెక్కొండ బడికి పంపిద్దాం, అయిదో తరగతి దాటినంక,” అని మా నాయనతో చెప్పింది. నాయన సరేనన్నాడు కూడా.

ఒక బుధవారం బాపమ్మ గుడి ఊడవడానికి పోయి, మొహం మాడ్చుకుని వచ్చింది. సిలువ చెదిరింది. ఎలుక అనుకోవడానికి లేదు, ఎలుకైతే గుంట తీస్తుంది. ఇది ఎవరో చేత్తో మళ్లీ చదునుచేసి పోయారు. బూడిద గింజల్లో కలిసి బూజుపట్టినట్టు ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. మళ్లీ గీసి, నన్ను పిలిచి, పొద్దు గూకేవేళ గుడి వెనక గడ్డివాము చాటున కూర్చోమంది. రెండు రోజులు దోమకాట్లు తప్ప ఏమీ లేవు. మూడో సాయంత్రం గుడి వెనక తలుపు తెరుచుకుంది. పంతులమ్మ బయటికి వచ్చింది. చీరచెంగు ఒడిగా కట్టుకుని, ఒడి బరువుకు కాస్త ముందుకు వంగి, ఇంటి వైపు కాకుండా పొలం గట్టు మీదుగా రైలుకట్ట దిక్కు నడిచింది. నేను వెంట పోలేదు. చీకటి పడుతోంది, అటు కుక్కలుంటాయి. ఇంటికి పరుగెత్తాను.

“ఒడి నిండ జొన్నలు. కట్ట దిక్కు పోతాంది,” అన్నాను.

“కట్ట దిక్కా? గాడ ఏమున్నది?” అంది బాపమ్మ. “టేషన్ కాడ దుకాణమున్నది. అమ్ముకునేటందుకే. దుకాణం దిక్కే పోయింది గదా?”

నేను దుకాణం చూడలేదు. పంతులమ్మ అటు తిరగడమూ చూడలేదు. కాని బాపమ్మ నన్ను అంత శ్రద్ధగా, పెద్దమనిషిని చూసినట్టు చూడటం అదే మొదటిసారి. “ఔ. దుకాణం దిక్కే,” అన్నాను.

మరునాడు ముగ్గురు పెద్దలూ మా అరుగు మీద కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన యాకోబు తాత చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, “బిడ్డా, దేవుని ముందట చెప్తానవు. నీ కండ్లతోని చూసినవా?” అని అడిగాడు. చూసిన అన్నాను. దుకాణం దిక్కేనా అని అడిగాడు. దిక్కే అన్నాను. రెండో పెద్ద కొంచెం మెత్తటి మనిషి. “ఒకపారి ఆ తల్లిని పిలిచి అడిగితె అయిపాయె గదా,” అన్నాడు. దానికి యాకోబు తాత, “పంతులు పెండ్లాన్ని పిలిచి మన నడుమ నిలబెడితే ఆయన ఇజ్జత్ ఏం గావాలె? వద్దు. అయ్యగారికి రాసి పెడదాం,” అన్నాడు. ఇజ్జత్ కాపాడడానికి అడగలేదు. ముందు ఒక్కడివే పోయి ఆ మనిషితో మాట్లాడు, వినకపోతే ఇద్దరిని తీసుకుపో, అప్పటికీ కాకపోతే సంఘానికి చెప్పు అని పంతులే మాకు ఎన్ని ఆదివారాలో చెప్పాడు. ఆ వరుస పెద్దలకు నోటికి వచ్చు. దాన్ని తలకిందులుగా నడిపారు. సంఘానికి ముందు తెలిసింది, ఆ మనిషికి చివర తెలిసింది.

నెల ఆదివారం వచ్చింది. అయ్యగారు పెట్టె తెరిచారు, కలరా ఉండల వాసన వచ్చింది. బల్ల మీద తెల్లబట్ట, గిన్నెలో పంతులమ్మ ఆ తెల్లవారుజామున పిసికి వడకట్టిన రసం. సంస్కారానికి ముందు ఆయన జేబులోంచి చీటీ తీసి, ఈ నెల బల్ల దగ్గరికి రాకూడనివాళ్ల పేర్లు చదివారు. మొదటిది ఎవరో గుర్తులేదు. రెండోది, “దీనమ్మ, ఉపదేశిగారి భార్య.” ఎందుకో చదవలేదు, ఎప్పుడూ చదివేవాళ్లు కాదు. ఆడవాళ్ల వరసలో ముందు చాప మీద కూర్చున్న పంతులమ్మ లేచి, కొంగు తల మీదికి లాక్కుని, అందరి మధ్యలోంచి నడిచి గడప దగ్గర కూర్చుంది. ఎందుకని అడగలేదు. గుళ్లో ఆడవాళ్లు లేచి మాట్లాడే పద్ధతి లేదు. పంతులు ఆ రోజు అయ్యగారి పక్కన రొట్టె పళ్లెం పట్టుకున్నాడు. పళ్లెం అంచు గిన్నెకు తగిలి టకటకమని చప్పుడైంది, చివరి మనిషి మోకాళ్ల మీంచి లేచేదాకా.

బయటికి వచ్చాక పంతులమ్మ నా దగ్గరికి వచ్చింది. నేను బాపమ్మ చీర వెనక్కి జరిగాను. “ఎస్తేరూ, పన్నెండో ఎక్కం వచ్చిందా? రేపు అప్పజెప్పాలె,” అంది. అంతే అంది. మరునాడు బడి పెట్టారు కాని నేను పోలేదు, కడుపునొప్పి అన్నాను. ఆ వారంలోనే వాళ్లు ఒక ట్రంకుపెట్టె, రెండు మూటలు నెత్తిన పెట్టుకుని నెక్కొండ స్టేషన్‌కు నడిచి వెళ్లిపోయారు. కొత్త పంతులు వస్తాడు అన్నారు. ఏడాది దాకా రాలేదు. వచ్చేసరికి నేను పత్తి ఏరడానికి పోతున్నాను. నా చదువు మూడో తరగతిలో ఆగింది. బీదతనం వల్ల ఆగిందని మా పిల్లలకు చెప్పాను. బీదతనం ఉన్నమాట నిజమే. ఆపింది మాత్రం నా నోరే.

వాళ్లు పోయిన నాలుగు వారాలకు బాపమ్మా నేనూ గుడి అలుకుతున్నాం. గడప బయట ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. చంకలో ఏడాది పిల్ల. నీడ లోపలికి పడింది కాని కాలు గడప మీద పెట్టలేదు.

“పంతులమ్మ లేదా, బిడ్డా?” అని నన్ను అడిగింది.

“ఎందుకు?” బాపమ్మ వంగినచోటి నుంచే అడిగింది.

ఆ గొంతు విని ఆమె చంకలోని పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. అత్తను నేను పోల్చుకోలేదు గాని, తల్లి గొంతును ఆమె పోల్చుకుంది. “గింజలకొచ్చిన,” అంది. “పిల్ల తండ్రి బదిలీ మీద పోయిండు, మల్ల రాలే. పంతులమ్మ వారంల ఒకటిరెండుపార్లు కట్టకాడికి తెచ్చిచ్చేది. నాలుగు వారాలాయె. పానం బాగలేదేమోనని చూసి పోదామని…”

బాపమ్మ లేచి నిలబడింది. చేతుల నిండా పేడ. బయటికి పోయి చేతులు కడుక్కుంది, మామూలుగా కడుక్కునేదానికంటే చాలాసేపు కడుక్కుంది. లోపలికి వచ్చి గోలెం మూత తీసింది. సిలువ చెక్కుచెదరకుండా ఉంది. రెండు చేతులూ కలిపి అందులోకి దించి, దోసెడు తరువాత దోసెడు తీసి, గడప అవతల చాపిన చెంగులో పోసింది. సంఘం కొట్టేసిన మనిషికి సంఘం గింజలు పెట్టకూడదు. ఆ నియమం ఆమెకు తెలుసు, పంతులమ్మకూ తెలుసు. పంతులమ్మ ఆ ఆదివారం గడప దగ్గర కూర్చుని ఒక్కమాట అంటే చాలు, ఈ గింజలు నీ బిడ్డకే పోయినయి అని బాపమ్మతో అంటే చాలు. అంటే అత్తకు ఆ పిడికెడు కూడా ఆగిపోయేది, బాపమ్మ తల వాడలో లేచేది కాదు. అందుకే అనలేదు. బాపమ్మ చంకలోని పిల్లను చూసింది, పేరు అడగలేదు. “మల్ల వారం రా,” అని మాత్రం అంది. అత్త పోయిన తరువాత గింజలు చదునుచేసి, అలవాటు చొప్పున కొంగుమూట విప్పి, బూడిద వంక చూసి, మళ్లీ కట్టేసింది. ఆ తరువాత బాపమ్మ సిలువ గీయగా నేను చూడలేదు. మరుసటి వారం అటక మీద కంచుగిన్నె లేదు.

కాని ఆమె యాకోబు తాత దగ్గరికి పోయి, మనం తప్పు చేసినం అని చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. చెబితే బిడ్డ సంగతి బయటపడుతుందని ఆమె, నేను అన్న అబద్ధం బయటపడుతుందని నేను. పంతులమ్మ ఏ ఊరికి పోయిందో, ఆ ఊరి గుళ్లో ఎక్కడ కూర్చుందో తెలియదు. మా సంఘం పుస్తకంలో ఆమె పేరు మీద గీత అలాగే ఉండిపోయి ఉంటుంది.

అప్పటి సంఘం మంచిదని, ఇప్పటిది చెడ్డదని రాయడానికి ఇదంతా మొదలుపెట్టలేదు. రెండింటినీ నేను నమ్మను. అప్పుడు మట్టిగోలెం, ఇప్పుడు బీరువా, దానికి రెండు తాళాలు, ఒక తాళంచెవి ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర, ఇద్దరికీ మాటల్లేవు. అప్పుడు ముగ్గురు పెద్దలు అరుగు మీద కూర్చుని తేల్చేవాళ్లు, ఇప్పుడు పన్నెండుమంది కమిటీ ఫోన్‌లో గ్రూపు పెట్టుకుని తేలుస్తారు. అందులోంచి ఒకరిని తీసేస్తే ఆ మనిషికి గడప కూడా దొరకదు. ఊరి చివర కొత్తగా లేచే మినిస్ట్రీల బ్యానర్లు చూస్తాను, పాస్టరు మొహం, పాస్టరమ్మ మొహం ఇంతింత, ప్రభువు పేరు అంచున. అక్కడ పైన ఆఫీసు లేదు, పెద్దలు లేరు, అడిగేవాళ్లే లేరు. మా దగ్గర అడిగేవాళ్లు బోలెడుమంది, అడగరు. సంఘమంటే గోడలు కాదు మనుషులని పంతులు చెప్పేవాడు. నిజమే కాని, నేను చూసినంతవరకు మనుషులు కొట్లాడుకునేది గోడల కోసమే, బెంచీల కోసమే. అనుమానం మంచిదే. అనుమానం లేకుంటే గోలెం ఎప్పుడో ఖాళీ అయ్యేది. ఆ అనుమానాన్ని ఎత్తుకుని ముందు ఎవరి గుమ్మానికి పోయామన్నదే నా బాధ.

ఇదంతా విని సామేలు చాలాసేపు చిక్కుడు ఈనెలు పోగు చేశాడు. “అది వేరు, ఇది వేరు,” అన్నాడు చివరికి.

“వేరే ఉండచ్చు. అడిగినంక చెప్త.”

“కాయితం రేపు పది గంటలకు పోవాలె.”

“పది దాకా మస్తు టైమున్నది,” అన్నాను.

పొద్దున ఏడింటికి పాస్టరు ఇంటికి పోయాను. ఆయన భార్య నల్లా దగ్గర బిందె పట్టుకుంటోంది. ఆయన బనియన్ మీద ఉన్నవాడు లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

“కుర్చీలో కూర్చోండమ్మా. చాయ్ పెడుతుంది.”

“చాయ్ తర్వాత. అయ్యగారూ, గురువారం నాడు బెంచీలు ఏడికి పోయినయి?”

ఆయన భార్య వంక చూశాడు. ఆమె బిందె వంక చూసింది. బిందె నిండి పొర్లుతోంది, నేను లేచి నల్లా కట్టేశాను.

“నర్సంపేట రోడ్డు మీద ఒక షెడ్డు తీసుకున్నానమ్మా,” అన్నాడు. “ఒకటో తారీఖు నుంచి సొంతంగా పెట్టుకుందామని. బెంచీలు వెనక రూములో పడి ఉన్నాయి కదా అని…”

“ఎవలకన్న చెప్పిండ్రా?”

“లేదు. చెబితే ఆపుతారని.”

“ఎవలన్న అడిగిండ్రా?”

“ఎవరూ అడగలేదు. గురువారం నుంచి ఎవరూ మా ఇంటి వైపే రావడం లేదు. వందనాలు కూడా చెప్పడం లేదు. పిల్లలను ట్యూషన్ దగ్గర ఎవరో దొంగ పిల్లలన్నారట.”

నా అనుమానం నిజమే. చెప్పకేం, కొంచెం సంబరం కూడా అయింది. ఆ పిల్లల మాట వినేసరికి అది నిలవలేదు.

“సొంతంగా పెట్టుకునుడు మీ ఇష్టం, మీకూ దేవునికీ తెల్వాలె,” అన్నాను. “బెంచీలు మీయి గావు. తెప్పియ్యిండ్రి. ఇప్పుడు నాతోని వచ్చి గీ మాట మావోనికి మీరే చెప్పుండ్రి.”

ఆయన చెప్పులు వేసుకుని నా వెనకే వచ్చాడు. సామేలు చాయ్ తాగుతున్నాడు. విన్నాడు. “మరి నాకు ముందే చెప్తే అయిపోవు గదా సార్,” అన్నాడు. “మీరు ఒక్కసారి అడిగితే చెప్పేవాణ్ణి,” అన్నాడు ఆయన. సునీత ఇద్దరి మధ్యా బిస్కట్లు పెట్టింది. కిరణ్ పాస్టరు ఒక తెల్లకాగితం అడిగి, నెలాఖరుకు తానే వెళ్లిపోతానని, తీసుకుపోయిన నాలుగు బెంచీలు ఈ రోజే తెచ్చి అప్పగిస్తానని తన చేత్తో రాసి ఇచ్చాడు. మావాడి కాగితానికి ఇక పని లేకపోయింది. వెనకవైపు తెల్లగా ఉంది కాబట్టి నేను తీసి పెట్టుకున్నాను. ఈ చివరి పేజీ దాని మీదే రాస్తున్నాను.

పదకొండు కాకముందే ట్రాలీ ఆటో గుడి గేటు ముందు ఆగింది. వరండాలో కుర్చీ ముందుకు జరుపుకుని చూశాను. నాలుగు బెంచీలు పోయాయి. మూడే దిగాయి.

మళ్లీ చెప్పులు వేసుకున్నాను.